మూట విప్పకుండానే చదవడం: జెడ్‌లెస్, జెడ్‌గ్రెప్, జెడ్‌క్యాట్ వాడిన అనుభవం

2023 జనవరి, భోగికి రెండు రోజుల ముందు రాత్రి. కాకినాడలో మా ఇంటి మేడ మీది గదిలో కూర్చుని నైట్ షిఫ్ట్ చేస్తున్నాను. నా పని సర్వర్లు చూసుకోవడం. ఆ రాత్రి నా చేతిలో ఉన్నది ఒక బస్ టికెట్ల సైట్ సర్వర్. హైదరాబాద్ నుంచి రాజమండ్రి, కాకినాడ, అమలాపురం వచ్చే బస్సులన్నీ నిండిపోయే రోజులవి. ఒక ప్రయాణికుడికి పది రోజుల కిందట డబ్బు కట్ అయింది గానీ టికెట్ రాలేదు. పేమెంట్ వైపు నుంచి ఏం జవాబు వచ్చిందో లాగ్‌లో, అంటే సర్వర్ తనలో జరిగినవన్నీ రాసుకునే ఫైల్‌లో, వెతికి చెప్పమన్నారు.

పాత లాగ్‌లన్నీ కుదించి డాట్ జీజెడ్ ఫైళ్లుగా ఉన్నాయి. పదమూడు ఫైళ్లు, ఒక్కొక్కటి సుమారు 180 ఎంబీ. బుకింగ్ ఏ తేదీదో ఖాయంగా తెలియదు కాబట్టి అన్నీ ఒకేసారి విప్పేద్దామని, వాటిని విప్పే కమాండ్ గన్‌జిప్ కొట్టాను. ఒక్కో ఫైల్ విప్పితే రెండున్నర జీబీ అవుతుందని చూసుకోలేదు. డిస్క్‌లో మిగిలిన ఖాళీ 9 జీబీ. డేటాబేస్ కూడా అదే డిస్క్ మీద ఉంది. నాలుగో ఫైల్ సగంలో ఉండగా చోటు లేదని ఎర్రర్ వచ్చింది. సరిగ్గా ఆ సమయంలోనే డేటాబేస్‌కి రాసుకునే చోటు లేక బుకింగ్‌లు ఆగిపోయాయి.

ఫోన్ మోగింది. మా టీమ్‌లో సీనియర్ అన్న.

"ఏమ్మా, లాగ్‌లు విప్పావా?"

"విప్పాను అన్నా. డిస్క్ నిండిపోయింది."

"టెన్షన్ పడకు. విప్పినవాటిని ముందు పక్క డిస్క్‌కి జరుపు. ఇంకెప్పుడూ సర్వర్ మీద లాగ్ విప్పకమ్మా. జెడ్‌గ్రెప్ ఉంది కదా, అది ఉన్నది ఉన్నట్టే వెతుకుతుంది."

ఆరు నిమిషాల్లో బుకింగ్‌లు మళ్లీ మొదలయ్యాయి. పండగ ముందు రాత్రుల్లో ఆరు నిమిషాలంటే ఎంతమంది సీటు దొరక్క బెంగపడి ఉంటారో నాకు తెలుసు. నేనూ ఒకప్పుడు హైదరాబాద్ హాస్టల్ గదిలో కూర్చుని అలాగే ఎదురుచూసినదాన్నే. తర్వాత అన్న చెప్పినట్టు, మిగిలిన ఫైళ్లను ముట్టుకోకుండా జెడ్‌గ్రెప్‌కి ఆ బుకింగ్ నంబర్ ఇచ్చాను. కావలసిన నాలుగు లైన్లు స్క్రీన్ మీదికి వచ్చాయి. డిస్క్ మీద ఖాళీ అంతకుముందు ఎంత ఉందో అంతే ఉంది.

అప్పటి నుంచి ఈ జెడ్ కమాండ్లు వాడని రోజు నాకు లేదు. రెస్టారెంట్‌కీ, మిక్సీకీ రివ్యూ రాసేవాళ్లు ఉన్నారు. రోజూ అన్నం పెట్టే పనిముట్టు గురించి కూడా ఎవరో ఒకరు వివరంగా రాయాలి కదా అనిపించి ఇది రాస్తున్నాను.

కొత్తవాళ్ల కోసం ముందు పేర్లు. ఫైల్‌ని స్క్రీన్ మీద కుమ్మరించే కమాండ్ క్యాట్, పేజీ పేజీగా చూపించేది లెస్, మాట వెతికేది గ్రెప్, రెండు ఫైళ్ల తేడా చెప్పేది డిఫ్. వీటి పేరు ముందు ఒక్క జెడ్ అక్షరం చేరిస్తే, ఫైళ్లని చిన్నవి చేసే జీజిప్ ప్రోగ్రామ్‌తో కుదించిన ఫైళ్ల మీద అదే పని చేసే కమాండ్ వస్తుంది. జెడ్‌క్యాట్, జెడ్‌లెస్, జెడ్‌గ్రెప్, జెడ్‌డిఫ్. విడిగా ఇన్‌స్టాల్ చేసుకోనక్కర్లేదు, జీజిప్‌తో పాటే వస్తాయి. మనం చూసే లినక్స్ సర్వర్లలో దాదాపు అన్నిటిలోనూ జీజిప్ ఉంటుంది. కొత్త సర్వర్‌లోకి లాగిన్ అయినప్పుడు ఇంకేం ఉన్నా లేకపోయినా ఇవి ఉంటాయన్న ధైర్యం నాకు చాలా పెద్దది.

జీజిప్‌ని జాన్‌లూ గెయీ, మార్క్ ఆడ్లర్ కలిసి రాశారు. మొదటి వెర్షన్ 1992 అక్టోబర్ 31న బయటికొచ్చింది. అంతకుముందు యూనిక్స్‌లో కంప్రెస్ అనే ప్రోగ్రామ్ ఉండేది. అది వాడే ఎల్‌జెడ్‌డబ్ల్యూ పద్ధతి మీద పేటెంట్ ఉండటంతో, ఎవరికీ అడ్డు లేని పద్ధతి కావాలని దీన్ని తయారుచేశారు. జెడ్‌క్యాట్ అన్న పేరు అసలు ఆ పాత కంప్రెస్ కాలం నాటిదే. ఆ చరిత్ర ఇప్పటికీ ఒక చోట మనల్ని ఇబ్బంది పెడుతుంది, అది తర్వాత చెప్తాను. ఈ మార్క్ ఆడ్లరే నాసా వాళ్ల స్పిరిట్ రోవర్‌ని అంగారకుడి దాకా నడిపించిన బృందంలో కూడా ముఖ్యమైన బాధ్యతలో ఉన్నారు. అది తెలిసినప్పటి నుంచి జెడ్‌క్యాట్ కొట్టినప్పుడల్లా నాకొక చిన్న సంతోషం.

ఇక జెడ్‌లెస్. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. నిజానికి ఇది పెద్ద ప్రోగ్రామేమీ కాదు, కొన్ని లైన్ల షెల్ స్క్రిప్ట్, అంటే కమాండ్లని వరసగా రాసిపెట్టిన చిన్న ఫైల్. ఫైల్ తెరిచే ముందు దాన్ని జీజిప్ గుండా పంపి, వచ్చిన టెక్స్ట్‌ని చూపించమని లెస్‌కి చెప్తుంది, అంతే. అందుకే లెస్‌లో అలవాటైన మీటలన్నీ ఇందులోనూ పనిచేస్తాయి. స్లాష్ కొట్టి మాట వెతకొచ్చు, ఎన్ కొడితే తర్వాతి చోటికి వెళ్తుంది, పెద్ద ఎన్ కొడితే వెనక్కి వస్తుంది. పొడుగు లైన్లు మడతపడి గజిబిజిగా కనిపిస్తుంటే హైఫన్, పెద్ద ఎస్ కొట్టండి. ఒక్కో లైన్ ఒక్కో వరసలో నిలబడుతుంది, బాణం మీటలతో పక్కకి జరుపుకోవచ్చు. చాలామందికి తెలియని మీట ఆంపర్‌సాండ్. అది కొట్టి ఒక మాట ఇస్తే ఆ మాట ఉన్న లైన్లే మిగులుతాయి, మిగతావి దాక్కుంటాయి. మళ్లీ ఆంపర్‌సాండ్ కొట్టి ఖాళీగా ఎంటర్ చేస్తే అన్నీ తిరిగొస్తాయి. ఎర్రర్ లైన్లు ఒకసారి, వాటి చుట్టుపక్కల ఏం జరిగిందో ఒకసారి, అలా ముందుకీ వెనక్కీ చూసుకోవడానికి ఇంతకంటే హాయైన దారి నాకు దొరకలేదు.

జెడ్‌లెస్ చేసే ఇంకో మేలు అనుమతుల విషయంలో. చాలా సర్వర్లలో మాకు లాగ్‌లు చదివే హక్కు ఉంటుంది గానీ ఆ ఫోల్డర్‌లో రాసే హక్కు ఉండదు, ఉండకూడదు కూడా. గన్‌జిప్ అసలు ఫైల్‌ని తీసేసి దాని స్థానంలో విప్పినదాన్ని పెడుతుంది కాబట్టి అక్కడ పనిచేయదు. జెడ్‌లెస్‌కి చదివే హక్కు ఉంటే చాలు. ఆడిట్ కోసం దాచిన లాగ్ అయితే ఇది ఇంకా ముఖ్యం. మనం చూశాక కూడా ఆ ఫైల్ తేదీ, సైజు, లోపలి బైట్లు అన్నీ పాతవే ఉంటాయి.

కానీ జెడ్‌లెస్‌లో ఒక ప్రమాదం ఉంది, అది తెలియకుండా పెద్ద ఫైళ్ల మీద వాడకండి. పెద్ద జీ మీట కొట్టి ఫైల్ చివరికి దూకాలనుకుంటే అది నిజంగా దూకలేదు. జీజిప్ ఫైల్‌లో మధ్యలోంచి చదవడం కుదరదు. డిఫ్లేట్ అనే ఆ పద్ధతి, ఇంతకుముందు వచ్చిన 32 కేబీ టెక్స్ట్‌లో ఇదే ముక్క ఎక్కడ ఉందో గుర్తుపెట్టుకుని 'ఇన్ని బైట్ల వెనక్కి వెళ్లి ఇంత పొడుగు తెచ్చుకో' అని రాసుకుంటుంది. కాబట్టి వెనకటిది విప్పితే గానీ ముందుది అర్థం కాదు. చివరి లైన్ కావాలంటే మొదటి లైన్ నుంచీ రావాలి. పైగా లెస్ ఆ విప్పిన టెక్స్ట్ అంతటినీ మెమరీలో ఉంచుకుంటుంది, మనం వెనక్కి వెళ్తే చూపించాలి కాబట్టి. 4 జీబీ మెమరీ ఉన్న సర్వర్‌లో, విప్పితే 10 జీబీ అయ్యే ఫైల్‌ని జెడ్‌లెస్‌తో తెరిచి పెద్ద జీ కొట్టారంటే డిస్క్‌కి బదులు మెమరీ నిండుతుంది. చివరి భాగమే కావాలంటే జెడ్‌క్యాట్ అవుట్‌పుట్‌ని పైప్‌తో, అంటే ఒక కమాండ్ ఇచ్చినదాన్ని ఇంకోదానికి అందించే గుర్తుతో, చివరి లైన్లు చూపే టెయిల్‌కి పంపండి. సమయం అంతే పడుతుంది, కానీ మెమరీ పిసరంత చాలు. మొదటి భాగం కావాలంటే మాత్రం బెంగ లేదు. జెడ్‌క్యాట్‌ని మొదటి లైన్లు చూపే హెడ్‌కి పంపితే కావలసిన లైన్లు రాగానే హెడ్ తలుపు మూసేస్తుంది, వెనక జీజిప్ కూడా ఆగిపోతుంది. ఎంత పెద్ద ఫైలైనా క్షణంలో పని అవుతుంది.

జెడ్‌క్యాట్ గురించి అందరికీ తెలుసు. దాని హైఫన్ ఎఫ్ ఆప్షన్ గురించి ఎందుకో ఎవరూ చెప్పరు. పాత లాగ్‌లని సర్దే లాగ్‌రొటేట్ ప్రోగ్రామ్ మామూలుగా ఏం చేస్తుందంటే, ఇవాల్టి లాగ్‌ని అలాగే ఉంచుతుంది, నిన్నటిదానికి చివర డాట్ 1 చేరుస్తుంది, మొన్నటి నుంచి వెనకవాటిని కుదించి డాట్ 2 డాట్ జీజెడ్, డాట్ 3 డాట్ జీజెడ్ అని పెడుతుంది. అంటే ఒకే ఫోల్డర్‌లో కొన్ని మామూలు ఫైళ్లు, కొన్ని కుదించినవి. ఉత్త జెడ్‌క్యాట్ మామూలు ఫైల్ కనిపించగానే ఇది జీజిప్ ఫార్మాట్ కాదని గొణుగుతుంది. హైఫన్ ఎఫ్ ఇస్తే కుదించినవి విప్పి, మామూలువి ఉన్నవి ఉన్నట్టు దాటిస్తుంది. రెండు వారాల లాగ్ ఒకే ధారగా వస్తుంది. దాన్ని గ్రెప్‌కో, లైన్లలోంచి కావలసిన ముక్కలు ఏరే ఆక్‌కో పంపుకోవచ్చు.

అక్కడ ఇంకో చిక్కు ఉంది. ఫైళ్ల పేర్లకి బదులు స్టార్ పెడితే, మన కమాండ్లు అందుకునే షెల్ వాటిని అక్షర క్రమంలో పెడుతుంది. డాట్ 10 ముందు వస్తుంది, డాట్ 2 తర్వాత వస్తుంది. తేదీలు కలగాపులగం అవుతాయి. ఒకసారి ఇది గమనించక, 'ముందు పేమెంట్ ఫెయిల్ అయింది, తర్వాత బుకింగ్ జరిగింది' అని తప్పుగా రిపోర్ట్ రాయబోయాను. అసలు జరిగింది దానికి తలకిందులు. ఇప్పుడు స్టార్ వాడను. ఫైళ్ల పేర్లు చూపే ఎల్‌ఎస్‌కి హైఫన్ టీ ఆర్ ఇచ్చి, పాతది ముందు కొత్తది చివర వచ్చేలా పేర్లు తెచ్చుకుని వాటిని జెడ్‌క్యాట్ హైఫన్ ఎఫ్‌కి ఇస్తాను. జీజిప్ కుదించేటప్పుడు అసలు ఫైల్ తేదీని చెరపదు కాబట్టి ఈ వరస సరిగ్గా వస్తుంది.

జెడ్‌గ్రెప్‌కి వస్తే, నా కడుపు నింపేది ఇదే గానీ లోపాలు ఎక్కువ ఉన్నదీ ఇదే. మంచి ముందు చెప్తాను. మామూలు గ్రెప్ ఆప్షన్లు చాలావరకు ఇందులో నడుస్తాయి. పెద్ద ఏ ఇచ్చి తర్వాతి లైన్లు, పెద్ద బీ ఇచ్చి ముందు లైన్లు, చిన్న ఐ ఇచ్చి అక్షరాల పెద్దాచిన్నా తేడా లేకుండా, చిన్న హెచ్ ఇచ్చి ఫైల్ పేరు రాకుండా. కుదించని ఫైల్ ఇచ్చినా గొడవ చేయకుండా వెతుకుతుంది. ఫైల్ సగంలో పాడైనా పాడైన చోటిదాకా వెతికి పెడుతుంది. ఒకసారి క్లయింట్ పంపిన లాగ్ నెట్ తెగిపోయి ముప్పావు భాగమే వచ్చింది. చివర్లో 'అనుకోకుండా ఫైల్ ముగిసింది' అని ఎర్రర్ ఇచ్చింది గానీ, అప్పటికే నాకు కావలసింది స్క్రీన్ మీద ఉంది. ఫైల్ మొత్తం బాగుందో లేదో ముందే తెలియాలంటే జీజిప్‌కి హైఫన్ టీ ఇస్తే సరిచూసి చెప్తుంది. ప్రతి జీజిప్ ఫైల్ చివర, లోపలిది పాడవలేదని సరిచూసుకునే చెక్‌సమ్ అనే అంకె, అసలు సైజు రాసి ఉంటాయి, దాన్నిబట్టి.

ఆ సైజు గురించి ఒక మాట. ఫైల్ విప్పితే ఎంతవుతుందో ముందే చెప్పేది జీజిప్ హైఫన్ ఎల్. నేను ఆ రాత్రి అది కొట్టి ఉంటే ఇదంతా జరిగేది కాదు. అయితే ఆ సైజు రాసుకోవడానికి ఫైల్‌లో ఇచ్చిన చోటు 4 బైట్లే. 4 జీబీ దాటిన ఫైల్ అయితే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలై, 5 జీబీ ఫైల్ 1 జీబీ అని కనిపించేది. 2022లో వచ్చిన 1.12 వెర్షన్ నుంచి నిజంగా విప్పి లెక్కపెట్టి సరైన సైజు చెప్తోంది. దానికి సమయం పడుతుంది, పట్టనివ్వండి. పాత సర్వర్లలో మాత్రం ఆ అంకెని నమ్మకండి.

అదే 1.12లో ఇంకో ముఖ్యమైన దిద్దుబాటు కూడా జరిగింది. జెడ్‌గ్రెప్‌కి ఇచ్చే ఫైల్ పేరులో కొత్త లైన్ అక్షరాలు కావాలని దూర్చి, దాని ద్వారా వేరే ఫైళ్లని పాడుచేసే దారి ఒకటి బయటపడింది. బయటివాళ్లు అప్‌లోడ్ చేసిన ఫైళ్ల మీద జెడ్‌గ్రెప్ నడిపే స్క్రిప్ట్‌లు మీ దగ్గర ఉంటే జీజిప్ అప్‌డేట్ అయిందో లేదో ఇవాళే చూసుకోండి. ఇది వాయిదా వేసే పని కాదు.

జెడ్‌గ్రెప్ మీద నా అసలు ఫిర్యాదు హైఫన్ ఆర్ లేకపోవడం. ఫోల్డర్‌లో ఫోల్డర్, దానిలో ఫోల్డర్ ఉండి, అన్నిట్లో వెతకాలంటే ఈ ఆప్షన్‌కి మద్దతు లేదని చెప్పి ఆగిపోతుంది. ఫైళ్లు వెతికే ఫైండ్ కమాండ్‌తో జతకట్టి నడిపించుకోవాలి. ఇంకోటి, ప్రతి ఫైల్‌కీ విడిగా ఒక జీజిప్, ఒక గ్రెప్ మొదలుపెడుతుంది. వేలకొద్దీ చిన్న ఫైళ్లుంటే బాగా నెమ్మదిస్తుంది. అలాంటప్పుడు నేను గ్రెప్ లాంటిదే అయిన రిప్‌గ్రెప్ అనే ప్రోగ్రామ్‌కి హైఫన్ జెడ్ ఇచ్చి వాడతాను. ఫోల్డర్లలోకి తనే దిగుతుంది, ఒకేసారి చాలా ఫైళ్లు చూస్తుంది. అది అన్ని సర్వర్లలో ఉండదు, మనకి పెట్టే హక్కూ ఉండదు. అందుకే జెడ్‌గ్రెప్ వాడటం రావాల్సిందే.

చాలా ఫైళ్లని ఒకటిగా కట్టి కుదించిన టార్ జీజెడ్ ఫైళ్ల మీద జెడ్‌గ్రెప్ వాడి విసిగిపోయేవాళ్లని చూస్తుంటాను. మాట ఉందని చెప్తుంది గానీ లైన్ చూపించదు, బైనరీ ఫైల్ అంటుంది. టార్ లోపల ఫైళ్ల మధ్య శూన్య బైట్లు ఉంటాయి, వాటిని చూసి గ్రెప్ ఇది టెక్స్ట్ కాదనుకుంటుంది. హైఫన్ ఏ ఇస్తే లైన్లు వస్తాయి, కానీ ఏ ఫైల్‌లోవో తెలియదు. టార్‌కే పెద్ద ఓ ఆప్షన్ ఇచ్చి కావలసిన ఒక్క ఫైల్‌ని స్క్రీన్ మీదికి తెచ్చుకోవడమే సరైన దారి.

మ్యాక్ వాడేవాళ్లకి ముందు చెప్పిన చరిత్ర ఇక్కడ అడ్డొస్తుంది. మ్యాక్‌లోని జెడ్‌క్యాట్‌ని డాట్ జీజెడ్ ఫైల్ మీద కొడితే, ఆ పేరు చివర పాత కంప్రెస్ వాడిన డాట్ పెద్ద జెడ్ చేర్చి అలాంటి ఫైల్ లేదంటుంది. ఫైల్ కళ్లముందే ఉన్నా లేదంటుంటే కొత్తవాళ్లు కంగారుపడతారు. అక్కడ జీజెడ్‌క్యాట్ అని కొట్టాలి. మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి మొదటి వారమే దీని దగ్గర గంట కూర్చుంది. నన్ను అడిగి ఉంటే నిమిషంలో తేలేది.

ఇదంతా ఆఫీసు పని. ఈ కమాండ్లు మా ఇంట్లోకి ఎలా వచ్చాయో చెప్పాలి.

మా తమ్ముడు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చదువుతున్నాడు. తెలుగులో ఇంగ్లీషు మాటలు ఎన్ని రకాలుగా రాస్తున్నారో చూడాలని వాడి ప్రాజెక్ట్. పోయినేడు దసరా సెలవులకి ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ నా ముందు పెట్టాడు.

"అక్కా, తెలుగు వికీపీడియా మొత్తం డౌన్‌లోడ్ చేశాను. నోట్‌ప్యాడ్‌లో తెరుస్తుంటే హ్యాంగ్ అయిపోతోంది."

"విప్పి తెరిచావా?"

"విప్పాకే. అసలు ఎంత పెద్దదే బాబూ అది!"

తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్‌లో మొదలైంది. దాని వ్యాసాలన్నీ కలిపిన ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌ని వికీమీడియా వాళ్లు ఎవరైనా దించుకునేలా పెడతారు. అది బీజిప్2తో కుదించి ఉంటుంది, అంటే డాట్ బీజెడ్2. జెడ్ కమాండ్లకి ఇక్కడ చుట్టాలున్నారు: బీజెడ్‌క్యాట్, బీజెడ్‌లెస్, బీజెడ్‌గ్రెప్. జీజిప్ కంటే బాగా నెమ్మదిగా విప్పుతాయి, ఓపిక పట్టాలి. బీజెడ్‌లెస్‌తో ఆ ఫైల్ తెరిచి వాడికి చూపించాను. ఎక్స్‌ఎంఎల్ ట్యాగుల మధ్య తెలుగు వ్యాసాలు ఒకదాని తర్వాత ఒకటి. ఊళ్ల పేర్లు, సినిమాలు, పురాణాలు. ఇద్దరం పని మర్చిపోయి అరగంట చదువుతూ కూర్చున్నాం.

తెలుగు టెక్స్ట్ ఎందుకు అంత బాగా ముడుచుకుంటుందో వాడికి ఆ రోజే చెప్పాను. అక్షరాలని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో మన అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ 3 బైట్లు. 'తెలుగు' అన్న మాటలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము కలిపి ఆరు, అంటే 18 బైట్లు. ఆ మూడు బైట్లలో మొదటిది, కంప్యూటర్ వాళ్లు రాసే హెక్స్ లెక్కలో, ఎప్పుడూ ఈ0. రెండోది బీ0 గానీ బీ1 గానీ, మూడో దారి లేదు. అంటే మారుతూ ఉండేది నిజానికి మూడో బైటే. ఇలా పదేపదే వచ్చేదాన్ని చిన్నగా రాసుకోవడమే కుదించే ప్రోగ్రామ్‌ల పని కాబట్టి మన టెక్స్ట్ చక్కగా ముడుచుకుంటుంది. సర్వర్‌లో భాష సెట్టింగ్ యూటీఎఫ్-8 కాకపోతే జెడ్‌లెస్‌లో తెలుగు బదులు కోణాకారపు బ్రాకెట్లలో ఈ0, బీ0, ఏ4 అని ఇవే బైట్లు బయటపడతాయి. ఫైల్ పాడైందనుకోకండి. లెస్‌క్యార్‌సెట్ అనే వేరియబుల్‌కి యూటీఎఫ్-8 అని ఇస్తే అక్షరాలు వస్తాయి. చాలా టెర్మినళ్లలో ఒత్తులు విడిపోయి, గుణింతాలు పక్కకి జరిగి కనిపిస్తాయి. ఇది టెర్మినల్ లోపం, జెడ్‌లెస్‌ది కాదు. కానీ చదివేది తెలుగువాళ్లం కాబట్టి బాధ మనదే. ఇంత పాత, ఇంత మంచి పనిముట్టులో నా భాష ఇంకా సరిగ్గా కనిపించకపోవడం నాకు నిజంగా కష్టంగా ఉంటుంది.

వెతకడంలో మాత్రం తెలుగు బాగానే నడుస్తుంది, రెండు విషయాలు గుర్తుంచుకుంటే. మొదటిది, 'రామ' అని వెతికితే రాముడు, రామాయణం, రామయ్య అన్నీ వస్తాయి. కొమ్మూ దీర్ఘమూ మ తర్వాత వేరే గుర్తులుగా ఉంటాయి కాబట్టి. రెండోది తమ్ముడి ప్రాజెక్ట్‌ని దాదాపు తప్పుదారి పట్టించింది. 'సాఫ్ట్‌వేర్' అని రాసినప్పుడు ట్ పొల్లుకీ వే అక్షరానికీ మధ్య, వ ఒత్తుగా మారకుండా ఆపడానికి కంటికి కనిపించని ఒక గుర్తు పెడతాం. కొందరు పెడతారు, కొందరు పెట్టరు. మన కళ్లకి కొన్నిసార్లు తేడా కూడా తెలియదు గానీ బీజెడ్‌గ్రెప్‌కి అవి రెండు వేరే మాటలు. వాడు ఒక రకం మాత్రమే వెతికి, వచ్చిన అంకెని పట్టికలో రాసేసుకున్నాడు. హైఫన్ పెద్ద ఈ ఇచ్చి, ఆ రెండింటి మధ్య చుక్క, ప్రశ్నార్థకం పెట్టి వెతికితే రెండు రకాలూ దొరికాయి. ఇంకో తప్పు కూడా అప్పుడే దొరికింది. హైఫన్ సీ ఇస్తే వచ్చేది మాట ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్క కాదు, అది ఉన్న లైన్ల లెక్క. ఒక్కో పేరా ఒకే లైన్‌గా ఉండే వికీ ఫైల్‌లో ఈ రెండింటికీ చాలా తేడా. బీజెడ్‌క్యాట్ నుంచి, దొరికిన ప్రతిదాన్నీ వేరే లైన్‌లో ఇచ్చే గ్రెప్ హైఫన్ ఓ, అక్కడి నుంచి లైన్లు లెక్కపెట్టే డబ్ల్యూసీ హైఫన్ ఎల్. అప్పుడు సరైన అంకె. వాడు పట్టిక మొత్తం మళ్లీ చేశాడు.

ఎక్స్‌జెడ్ అనే ఇంకో ప్రోగ్రామ్‌తో కుదించిన ఫైళ్లకి ఎక్స్‌జెడ్‌క్యాట్, ఎక్స్‌జెడ్‌లెస్, ఎక్స్‌జెడ్‌గ్రెప్ ఉన్నాయి, జెడ్‌స్టాండర్డ్‌కి జెడ్‌ఎస్‌టీడీక్యాట్, జెడ్‌ఎస్‌టీడీలెస్ ఉన్నాయి. అలవాటు ఒక్కటే, పేర్లే వేరు. ఎక్స్‌జెడ్ పేరు తలిస్తే 2024 మార్చి గుర్తొస్తుంది. దాని 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ పట్టుకున్నారు. దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆరా తీస్తే బయటపడింది. నా సొంత ల్యాప్‌టాప్‌లో అప్పుడు డెబియన్ టెస్టింగ్, అంటే డెబియన్ లినక్స్‌లో ఇంకా పరీక్షలో ఉన్న వెర్షన్ ఉంది. అప్‌డేట్ చేశాక ఎక్స్‌జెడ్‌ని నిజంగా పాత వెర్షన్‌కి తీసుకెళ్లారో లేదో చూడాలని, ప్యాకేజీల పత్రాలుండే డాక్ ఫోల్డర్‌లో ఎక్స్‌జెడ్ ప్యాకేజీలో ఏం మారిందో రాసి ఉండే చేంజ్‌లాగ్‌ని జెడ్‌లెస్‌తో తెరిచాను. ఆ చేంజ్‌లాగ్‌లన్నీ డాట్ జీజెడ్‌గానే ఉంటాయి. పైనే ఉంది: 5.6.1, ప్లస్ గుర్తు, 'నిజంగా 5.4.5' అని ఇంగ్లీషులో వెర్షన్ పేరు. అది చదివాకే ఆ రాత్రి నిద్రపోయాను. మీ సిస్టమ్‌లో ఏ ప్యాకేజీలో ఏం మారిందో తెలుసుకోవడానికి నెట్ కూడా అక్కర్లేదు, ఆ ఫోల్డర్, జెడ్‌లెస్ చాలు. దీన్ని చాలామంది వాడుకోవడం లేదు.

నా మార్కులు: జెడ్‌లెస్‌కి 5కి 4.5, ఆ అర మార్కు మెమరీ గురించి ముందే హెచ్చరించనందుకు. జెడ్‌క్యాట్ హైఫన్ ఎఫ్‌కి 5. జెడ్‌గ్రెప్‌కి 3.5, హైఫన్ ఆర్ వచ్చిన రోజున 4.5 ఇస్తాను. జెడ్‌డిఫ్ నేను రెండు మూడుసార్లే వాడాను, రెండు బ్యాకప్‌ల కాన్ఫిగ్ ఫైళ్లు పోల్చడానికి. బాగానే పనిచేసింది.

మొన్న సంక్రాంతికి కూడా అదే బస్ టికెట్ల సైట్, అదే నైట్ షిఫ్ట్. ఈసారి డబ్బు కట్ అయి టికెట్ రానివాళ్లు ముగ్గురు. ముగ్గురి బుకింగ్ నంబర్లూ ఒక చిన్న ఫైల్‌లో రాసుకుని, పాత లాగ్‌ల పేర్లు తేదీ వరసలో తెచ్చుకుని, జెడ్‌క్యాట్ హైఫన్ ఎఫ్ నుంచి గ్రెప్‌కి పంపాను. టీ చల్లారేలోపే మూడు జవాబులూ వచ్చాయి. ఇద్దరికి డబ్బు అప్పటికే వెనక్కి వెళ్లింది. మూడో ఆవిడకి వెళ్లలేదు. ఆమె లైన్లు కాపీ చేసి పేమెంట్ టీమ్‌కి పంపాను, తెల్లారేసరికి రీఫండ్ అయింది.